ఒంటి మాట వినని వాళ్లు

అడగండి. దుండిగల్ మీదుగా శిక్షణ విమానం మలుపు తిరుగుతుంటే తలెత్తి చూసే పిల్లలంతా అడిగే ప్రశ్నలే అడగండి. ఏ చేత్తో నడుపుతారు? కళ్లు తిరగవా? మబ్బులో దారి ఎలా తెలుస్తుంది? భయం వేయదా? యుద్ధ విమానం నడిపే విద్య అంతా ఈ నాలుగు ప్రశ్నల చుట్టూనే ఉంది. పైలట్, ఈ ప్రశ్నలనే పూలుగా ఏరి నిన్ను కొలవాలని ఉంది నాకు.

కుడిచేయి స్టిక్ మీద. ఎడమచేయి థ్రాటిల్ మీద. పాదాలు రడ్డర్ పెడళ్ల మీద. స్టిక్ వెనక్కి లాగితే ముక్కు లేస్తుంది, ముందుకు తోస్తే దిగుతుంది, పక్కకు వంచితే రెక్క వాలుతుంది. రాడార్‌కీ రేడియోకీ ఆయుధాలకీ కావలసిన మీటలు చాలావరకు ఆ రెండు పిడుల మీదే ఉంటాయి. వైణికుడి వేళ్లకు మెట్లు తెలిసినట్టు నీ వేళ్లకు అవి తెలుసు, చూపు కిందికి దించే పనే లేదు. తేజస్‌లో అయితే నీ చేతి కదలిక తిన్నగా రెక్కకు పోదు. ఆ విమానాన్ని కావాలనే నిలకడ లేనిదిగా కట్టారు, కోరిన క్షణంలో తిరగాలని. దాన్ని క్షణక్షణం నిలబెట్టేది కంప్యూటర్. నువ్వు కోరిక చెబుతావు, అది రెక్కల్ని కదుపుతుంది. 2001 జనవరి 4న తొలి తేజస్ బెంగళూరులో నేల విడిచినప్పుడు ఆ నమ్మకమే దాన్ని మోసింది.

ఎక్కడ నేర్చుకుంటావు? చాలావరకు మన గడ్డ మీదే. దుండిగల్ ఎయిర్ ఫోర్స్ అకాడమీలో పిలాటస్, హకీంపేటలో కిరణ్, ఆ పైన బీదర్‌లో హాక్. ఎందరో క్యాడెట్లు ఆ మెట్లెక్కే వెళ్లారు. ఆడపిల్లలు నడపగలరా అన్న ప్రశ్నకు 2016 జూన్ 18న దుండిగల్ పరేడ్ మైదానమే జవాబు చెప్పింది. అవని చతుర్వేది, భావనా కంఠ్, మోహనా సింగ్ ఆ రోజు యుద్ధ విమాన పైలట్లుగా కమిషన్ అందుకున్నారు. 2018 ఫిబ్రవరిలో జామ్‌నగర్ నుంచి అవని ఒంటరిగా మిగ్-21 బైసన్ ఎక్కింది. గంటకు 300 కిలోమీటర్లు దాటిన వేగంతో నేలకు దిగే విమానం అది. ఆ రోజు తలుచుకుంటే నా గుండె ఇప్పటికీ ఉప్పొంగుతుంది.

కళ్లు తిరగవా అన్న పాపకు నిజమే చెప్పాలి. చూపే పోతుందమ్మా. ఎత్తు తగ్గకుండా అరవై డిగ్రీలు వాలి మలుపు తీసుకుంటేనే ఒంటి బరువు రెట్టింపవుతుంది. సుఖోయ్ గట్టిగా తిరిగితే తొమ్మిది రెట్లు. అరవై కిలోల మనిషి ఆ కాసేపు 540 కిలోలు. చెయ్యి ఎత్తబోతే లేవదు. హెల్మెట్ మెడను అణిచేస్తుంది. నెత్తురు తలను వదిలి కాళ్లలోకి జారిపోతుంది. ముందు రంగులు వెలిసిపోతాయి. చూపు అంచుల నుంచి మూసుకొస్తుంది. చీకటి. అప్పటికీ మలుపు సడలించకపోతే స్పృహ కూడా పోతుంది. దానికి నువ్వు నీ కండలతో ఆనకట్ట వేస్తావు. జీ సూట్ గాలి నింపుకుని పిక్కల్నీ తొడల్నీ పొట్టనీ బిగిస్తుంది. నువ్వూ కాళ్లు బిగించి, పొట్ట బిగించి, ఊపిరి పట్టి, మూడు సెకన్లకోసారి చప్పున వదిలి చప్పున పీల్చి, నెత్తుటిని తలకు తోస్తావు. ఆ శ్రమలోనే మెడ తిప్పి శత్రువును వెతుకుతావు, జంటగా ఎగిరే నంబర్ టూకు మాట చెబుతావు, ఇంధనం లెక్క చూస్తావు. నేల మీది నుంచి చూసేవాళ్లకు కనబడేది అందమైన వంపు ఒక్కటే.

ఇక మబ్బు సంగతి. నన్ను అన్నిటికంటే కదిలించేది ఇదే. మనిషి చెవి లోపల అర్ధవలయాల్లాంటి సన్నని గొట్టాలు మూడున్నాయి, వాటిలో ద్రవం ఉంది. ఎటు తిరుగుతున్నామో చెప్పేది అదే. విమానం మెల్లగా, ఒకే తీరున మలుపులో సాగితే, కాసేపటికి ఆ ద్రవం విమానంతో పాటే తిరుగుతూ కుదురుకుంటుంది. తిన్నగానే పోతున్నాం అంటుంది చెవి. నువ్వు రెక్కలు సరిచేయగానే, అయ్యో రెండో పక్కకు ఒరిగిపోతున్నాం అని అరుస్తుంది. పట్టపగలు దిగంతం కనిపిస్తే కన్ను దిద్దుతుంది. మబ్బులో దిద్దేవాళ్లు లేరు. అమావాస్య రాత్రి సముద్రం మీద చేపల పడవల దీపాలు నక్షత్రాల్లో కలిసిపోతాయి, ఏది పైనో ఏది కిందో తెలియదు. అలాంటప్పుడు పుట్టినప్పటి నుంచి నీకు తోడున్న చెవిని పక్కన పెట్టి, ఎదురుగా ఉన్న పరికరాలు చెప్పింది వింటావు. ఒళ్లంతా ఒద్దు ఒద్దు అంటున్నా చెయ్యి స్టిక్‌ను సరైన చోటే నిలుపుతుంది. ఈ నిగ్రహం కన్నా గొప్ప తపస్సు నాకు తెలియదు.

నౌక మీద దిగేవాళ్లదీ అదే తపస్సు. విమానవాహక నౌక విక్రాంత్ డెక్‌కు చక్రాలు తగిలిన క్షణంలో ఎవరైనా వేగం తగ్గిస్తారనుకుంటారు. నావికాదళ పైలట్ థ్రాటిల్ పూర్తిగా ముందుకు తోస్తాడు. విమానం తోక కొక్కెం డెక్ మీది ఆపే తీగను అందుకోకపోతే, డెక్ చివర దాకా వచ్చేసరికి మళ్లీ ఎగిరేంత బలం ఇంజిన్‌లో ఉండాలి కదా. ఆగాలనుకున్న చోట పూర్తి బలంతో ముందుకు! విశాఖ సముద్రపు ఒడ్డున నావికాదళ విన్యాసాలు చూసే జనం ఈ ఒక్క సంగతి తెలుసుకుని చూస్తే బాగుంటుంది.

రన్‌వే మీద ఆ అంకెలేమిటని కూడా అడుగుతారు. దిక్సూచి డిగ్రీలను దగ్గరి పదికి సవరించి, చివరి సున్నా తీసేస్తే మిగిలేదే. 09 అంటే తూర్పు ముఖం, 27 అంటే పడమర ముఖం. వీలైనంతవరకు గాలికి ఎదురుగానే ఎక్కుతారు, ఎదురుగానే దిగుతారు.

రెక్కకు రెక్క ఆనించినట్టు ఎగిరేటప్పుడు ఎటు చూస్తారు? నాయకుడి విమానం వైపే. దాని రెక్క కొస ఒంటి మీది ఏ గుర్తుతో కలవాలో ఆ రెండూ చూసుకుంటూ, నీ సొంత పరికరాలను దాదాపు వదిలేసి. బీదర్ సూర్యకిరణ్ విన్యాసాల జట్టులో తొమ్మిది హాక్‌లు అలాగే తలకిందులవుతాయి. ముందున్నవాడు నేలను చూసుకుంటాడన్న నమ్మకం మీద ఎనిమిది ప్రాణాలు.

భయం వేయదా? 1971 డిసెంబర్ 14. శ్రీనగర్ రన్‌వే మీద పాకిస్తాన్ సేబర్ విమానాలు బాంబులు వేస్తున్నాయి. ఆ బాంబుల మధ్యనే ఫ్లయింగ్ ఆఫీసర్ నిర్మల్ జిత్ సింగ్ సెఖోన్ చిన్న నాట్ విమానంతో పైకి లేచాడు, ఒంటరిగా తలపడ్డాడు, తిరిగి రాలేదు. వాయుసేనకు దక్కిన పరమవీర చక్ర ఇప్పటికీ ఆయనదొక్కటే. ఆ నిమిషంలో ఆయన గుండె ఎంత వేగంగా కొట్టుకుందో ఎవరు చెప్పగలరు? చెయ్యి మాత్రం థ్రాటిల్‌ను ముందుకే తోసింది.

విమానం ఇక నిలవదని తేలితే కూర్చున్న సీటే రాకెట్టవుతుంది. ఈ కాలపు సీటు, కదలకుండా నేల మీద ఉన్న విమానం నుంచి కూడా పైలట్‌ను ప్రాణం నిలిచే ఎత్తుకు విసరగలదు. ఆ తోపుకు వెన్నుపూసలు చిట్లినవాళ్లున్నారు, కోలుకుని మళ్లీ కాక్‌పిట్ ఎక్కినవాళ్లూ ఉన్నారు. సీటు పిడి లాగాలా, ఇంకొక్క సెకను ఆగి ఊరు దాటించాలా? ఆ లెక్క వేసిన ప్రతి మనిషికీ నా మొక్కు.

ఎక్కేముందు నువ్వొక సంతకం పెడతావు, విమానం బాగోగులు రాసే ఎఫ్-700 పుస్తకంలో. నీ సంతకానికి ముందే అక్కడ మరికొందరి సంతకాలుంటాయి. తెల్లవారకముందే లేచి టైరు నొక్కి చూసినవాళ్లు, నూనె చూసినవాళ్లు, ఒక్కో స్క్రూ తడిమినవాళ్లు. వాళ్ల పేర్లు పత్రికల్లోకి రావు. ఈ స్తుతిలో సగం వాళ్లది.

దిగాక ఏం చేస్తారు? మాట్లాడుకుంటారు. చాలాసార్లు ఆకాశంలో గడిపిన సేపటి కంటే ఎక్కువసేపు డీబ్రీఫింగ్ గదిలో కూర్చుంటారు. రెండు అరచేతులూ రెండు విమానాలవుతాయి, ఒకటి తరుముతుంది, ఒకటి తప్పించుకుంటుంది. మంచి స్క్వాడ్రన్‌లో భుజాల మీది పట్టీల లెక్క ఆ తలుపు దగ్గరే ఆగిపోతుంది. పెద్దవాడు ముందుగా తన తప్పు తనే చెబుతాడు, ఫలానా చోట ఆలస్యంగా తిరిగానని. నిన్నగాక మొన్న వచ్చిన కుర్రాడు లేచి, సార్, నాలుగు సెకన్లు మీ మీద నా చూపు తప్పింది అంటాడు. ఎవరూ కసరరు. ఆ నాలుగు సెకన్లు ఎలా పోయాయో, ఏ మబ్బు వెనక పోయాయో, రేపటికి ఏం మార్చాలో బోర్డు మీద గీసి చూపిస్తారు.