నేల కింది నడకకు లెక్క

పటాన్‌చెరు ఫ్యాక్టరీల మురుగు నక్కవాగులో కలిసి భూమిలోకి ఇంకింది. అది ఎంత దూరం పాకుతుందో హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ) శాస్త్రవేత్తలు కంప్యూటర్ నమూనాలతో లెక్కగట్టారు. కంటికి కనబడని దాని వెంటపడే పని ఇది. బావుల్లో నీటిమట్టాలు కొలవాలి. నేలను గళ్లుగా విడగొట్టి, ఒక్కో గడిలో నీరు ఎటు, ఎంత వేగంగా కదులుతుందో 1856లో ఫ్రెంచ్ ఇంజినీరు డార్సీ చెప్పిన సూత్రంతో తేల్చాలి. వాగు పక్క ఒండ్రుమట్టిలో లెక్క కాస్త మాట వింటుంది. గ్రానైట్‌లోనే తంటా! అక్కడ నీరు పగుళ్ల వెంట పోతుంది. పక్కపక్క బోర్లలోనే ఒకదాంట్లో విషం, ఇంకోదాంట్లో మంచినీళ్లు ఉండొచ్చు. అందుకే తెరమీది రంగుల పటం కన్నా, దాన్ని బోరు నీటి పరీక్షతో సరిచూసి, తేడా వస్తే మళ్లీ మొదలుపెట్టే ఓపికే నాకు గొప్పగా తోస్తుంది. ఆ శాస్త్రవేత్తలొచ్చి మీ బోరు నీళ్లు ఒక సీసాడు అడిగితే, కాదనకుండా ఇవ్వండి.