బీచ్ రోడ్డు మీద అన్నీ మంచి బండ్లే

షోరూములో ఎక్కి కూర్చుంటే నచ్చని క్రూజర్ బండి నాకింతవరకూ తగల్లేదు. సీటు కిందికి ఉంటుంది, రెండు పాదాలూ నిండుగా నేలకి ఆనుతాయి, హ్యాండిల్ మన దాకా వచ్చి ఉంటుంది. కాళ్ళు ముందుకి చాపితే పడక్కుర్చీలో వాలినట్టే. పక్కనున్న సేల్స్ కుర్రాడు "మీ పర్సనాలిటీకి కరెక్టుగా సెట్టయింది సార్" అంటాడు. ఆ మాట ఐదడుగుల మనిషితోనూ అంటాడు, ఆరడుగుల మనిషితోనూ అంటాడు. తర్వాత టెస్ట్ రైడు. మా విశాఖలోనైతే బీచ్ రోడ్డు చూపిస్తారు. పొద్దున్నపూట ఖాళీ రోడ్డు, పక్కన సముద్రం, మూడో గేరులో దడదడమనే సైలెన్సర్. పది నిమిషాల్లో వెనక్కొచ్చి అడ్వాన్సు కట్టేయాలనిపిస్తుంది. ఆ రోడ్డు మీద బాగా నడవని బండి ఉంటే అది రిపేరులో ఉన్నట్టు లెక్క.

క్రూజర్ లోపాలు తిన్నగా పోయేటప్పుడు బయటపడవు. తిన్నగా పోవడానికే దాన్ని గీశారు మరి. అమెరికాలో ఊరికీ ఊరికీ మధ్య గంటల తరబడి మలుపు లేకుండా సాగే రోడ్ల మీద పెరిగిన బండి ఇది. ముందు ఫోర్కు మామూలు బండికన్నా ఎక్కువ ఏటవాలుగా ముందుకి చాచి ఉంటుంది. హ్యాండిల్ తిరిగే ఇరుసుని ఒక గీతగా ఊహించి నేల దాకా పొడిగిస్తే, ఆ గీత తాకే చోటుకి కాస్త వెనగ్గా టైరు నేలని పట్టుకుంటుంది. ఈ ఎడాన్ని ట్రెయిల్ అంటారు. ఎడం పెరిగినకొద్దీ ముందు చక్రం తనంతట తనే తిన్నగా సర్దుకుంటుంది. హైవే మీద అది వరం. అదే చక్రాన్ని సందులో, నడక వేగంతో, పూర్తిగా తిప్పి చూడండి. తిప్పిన వైపుకి ఒక్కసారిగా బరువుగా వాలిపోతుంది. కొత్తవాళ్ళు బండి పడేసేది వందలో కాదు, సరిగ్గా ఇక్కడే.

అందుకే నా మొదటి పరీక్ష సీతమ్మధారలాంటి చోట ఇళ్ళ మధ్య రోడ్డులో యూ టర్న్. మొదటి గేరు, క్లచ్ సగం, వెనక బ్రేకు మీద కాలు ఆనీ ఆననట్టు. వెడల్పు హ్యాండిల్ ఉన్న బండిలో కుడికి పూర్తిగా తిప్పినప్పుడు ఎడమచెయ్యి చాలుతుందా లేదా చూడాలి. చాలకపోతే మనకి తెలియకుండానే భుజం ముందుకి వంగుతుంది, నడుము మెలిపడుతుంది, సరిగ్గా అప్పుడే ఆ చేతిలో ఉన్న క్లచ్ అదుపు తప్పుతుంది. కుడి మలుపు బాగుంటే ఎడమ మలుపు కూడా చూడాలి, అప్పుడు సాగాల్సింది యాక్సిలరేటర్ ఉన్న చెయ్యి. సేల్స్ కుర్రాడు దిక్కులు చూస్తాడు. చూడనివ్వండి.

ఇంజను ఆపి చేసే పరీక్ష ఇంకొకటుంది. విశాఖలో సగం వీధులు వాలు. గోడవైపు ముక్కు పెట్టి ఆపిన బండిని ఎత్తువైపు వెనక్కి లాగాలంటే ఎంత కష్టమో ఇక్కడివాళ్ళకి చెప్పక్కర్లేదు. రాయల్ ఎన్‌ఫీల్డ్ మీటియోర్ 350 బరువు 191 కిలోలు, సూపర్ మీటియోర్ 650 అయితే 241. ఆ యాభై కిలోల తేడా కంపెనీ పుస్తకంలో ఒక అంకె. వాలు మీద మాత్రం, పక్కింటివాళ్ళని సాయం పిలవాలా వద్దా అన్నది అదే తేలుస్తుంది. సైడ్ స్టాండు తీసి, సీటు మీదే కూర్చుని, పాదాలతో వెనక్కి నెట్టి చూడండి.

కొలతలు చదవడం మంచిదే కానీ వాటితో తీర్పు చెప్పేస్తే చిక్కు. 2020లో వచ్చిన మీటియోర్‌కీ, ఆ తర్వాతి ఏడాది మారి వచ్చిన క్లాసిక్ 350కీ ఇంజను ఒకటే, 349 సీసీ. రెండు చక్రాల మధ్య దూరం ఒకదానికి 1,400 మిల్లీమీటర్లు, రెండోదానికి 1,390. కాగితం మీద అన్నదమ్ములు. కానీ మీటియోర్ సీటు ఎత్తు 765, క్లాసిక్‌ది 805. పైగా మీటియోర్‌లో పాదాలు ముందుకుంటాయి. ఆ నాలుగు సెంటీమీటర్లూ ఆ పాదాల చోటూ కలిసి రెండు వేరు వేరు బండ్లని తయారుచేశాయి.

పాదాల చోటు ఎందుకంత ముఖ్యమో స్పీడ్ బ్రేకర్ చెబుతుంది. మామూలు బండి మీద స్పీడ్ బ్రేకర్ వస్తే ఆలోచించకుండానే పాదాల మీద బరువేసి సీటు మీంచి ఒక అంగుళం లేస్తాం. దెబ్బ మోకాళ్ళు తింటాయి, నడుము తప్పించుకుంటుంది. క్రూజర్‌లో ఫుట్‌రెస్టులు ఒంటికి ముందుంటాయి. వాటిని తొక్కితే పైకి లేవం, వెనక్కి జారతాం. లేవాలంటే హ్యాండిల్ పట్టుకుని గుంజుకోవాలి, గుంతల రోడ్డులో అది ఎన్నిసార్లు కుదురుతుంది? దాంతో దెబ్బంతా సీటు మీంచి తిన్నగా వెన్ను చివరికే. దానికి తోడు సీటు కిందికి దించిన బండిలో వెనక షాకబ్జర్లు కదలడానికి చోటు తక్కువ. సూపర్ మీటియోర్‌లో వెనక చక్రం కదిలేది 101 మిల్లీమీటర్లు. నేలకీ బండి అడుగుకీ మధ్య ఉండేది 135. మన ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్క ప్రకారం స్పీడ్ బ్రేకర్ పది సెంటీమీటర్ల ఎత్తులో, 3.7 మీటర్ల పొడవున మెల్లగా ఎక్కి దిగేలా ఉండాలి. కాలనీల్లో రాత్రికి రాత్రి కాంక్రీటుతో పోసే మెట్టుకి ఆ లెక్క ఎవరు చెప్పాలి? ఇద్దరు కూర్చుంటే షాకబ్జర్లు దిగి, ఆ 135 ఇంకా తగ్గుతుంది.

కాబట్టి షోరూము దగ్గర్లో అలాంటి మొండి బ్రేకర్ ఒకటి వెతుక్కోవాలి. పదిహేను, ఇరవై వేగంతో, కావాలని లేవకుండా కూర్చునే దాటాలి. ఒకసారి ఒంటరిగా, ఒకసారి వెనక మనిషిని ఎక్కించుకుని. ముందు ఫోర్కు 'టక్' మందా, వెనక చక్రం సీటుని పైకి తన్నిందా, అడుగు గీరుకుందా, ఈ మూడే చూడాలి. దానికన్నా ముందు టైర్లలో గాలి. టెస్ట్ రైడు బండికి గాలి చూసే నాథుడు ఉండడు. ముందు టైరులో తక్కువైతే హ్యాండిల్ బరువెక్కుతుంది, ఎక్కువైతే ప్రతి గులకరాయీ చేతికి తెలుస్తుంది, మనం ఆ రెండు నేరాలూ బండి మీద వేసి వచ్చేస్తాం. బండి పుస్తకంలో రాసినంత గాలి పట్టించమని అడిగితే ఎవరూ కాదనరు. వెనక షాకబ్జర్ల రింగు ఏ మెట్టు మీదుందో కూడా అడగండి. సమాధానం రాకపోతే వంగి చూసుకోండి.

మా అన్నయ్య కొడుకు ఒక క్రూజర్ మీద మనసు పడ్డాడు. "బాబాయ్, నువ్వూ రా, చూసి చెప్పు" అంటే వెళ్ళాను. నేను చూసేదానికన్నా మీ అమ్మని తీసుకురా అన్నాను. వదిన చీరలో ఒక పక్కకి కూర్చుంది. వెనక సీటు ముక్క అరచేతి వెడల్పున వెనక్కి వాలి ఉంది. రెండు వీధులు తిరిగి దిగి, "ఒరే, ముందు నువ్వు సోఫాలో కూర్చున్నావు, నన్ను గట్టు మీద కూర్చోబెట్టావు. బ్రేకు వేస్తే నీ మీద పడ్డాను, బండి లాగితే వెనక్కి పోయాను" అంది. పత్రికల్లో వచ్చే బండి రివ్యూల్లో ఇంత పనికొచ్చే వాక్యం నేను చదవలేదు. పట్టుకోవడానికి పిడి, పాదాలు పెట్టుకోవడానికి చోటు, బట్టలు చక్రంలో పడకుండా సగం చక్రాన్నైనా కప్పే అడ్డు ఉండాలని కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లోనే ఉంది. అవి ఉన్నంత మాత్రాన కూర్చోగలిగినట్టు కాదు.

మలుపుల సంగతికి యారాడ ఘాటీ చాలు. క్రూజర్ ఎక్కువ వంగదు, ఫుట్‌రెస్టు ముందే నేలకి రాసుకుంటుంది. దాన్ని లోపమనను, ఆ బండి స్వభావం అంతే. ఎడమ మలుపులో ఎడమ పిడిని మెల్లగా ముందుకి నొక్కితే బండి అటు వాలాలి. వాలడానికి మొండికేస్తోందా, వాలాక మన ప్రమేయం లేకుండా ఇంకా లోపలికి పోతోందా అన్నదే చూడాల్సింది. దిగేటప్పుడు బ్రేకులు. మనిషి బరువు వెనక పడే బండి కాబట్టి వెనక బ్రేకుకి ఇక్కడ మిగతా బండ్లకన్నా ఎక్కువ పని ఉంటుంది, అది గట్టిగా పట్టాలి. ఇంజను వేడి, క్లచ్ బిగువు మద్దిలపాలెం సిగ్నలు దగ్గర పది నిమిషాల్లో తెలిసిపోతాయి.

సీటు గురించి మాత్రం తొందరపడకూడదు. మెత్తగా ఉన్న ఫోము మొదటి పావుగంట మోసం చేస్తుంది. బరువుకి అణిగిపోయాక కింద రేకు మీద కూర్చున్నట్టే. బొటనవేలితో గట్టిగా నొక్కితే అడుగు తగిలిందంటే అనుమానించాల్సిందే. ఎనభై వేగంలో ఛాతీకి గాలి కొడుతుంటే మనిషి వెనక్కి పోకుండా చేతులతో హ్యాండిల్‌ని లాగి పట్టుకుంటాడు. కాళ్ళు ముందుకి చాపి ఉన్నాయి కాబట్టి అవి సాయపడవు. మెడ, భుజాల నొప్పి అక్కడ మొదలవుతుంది, అదీ రెండో గంటలో. టెస్ట్ రైడులో రెండో గంట ఉండదు. అందుకే అదే మోడల్ ఎక్కడైనా అద్దెకు దొరికితే ఒక రోజుకి తీసుకుని శృంగవరపుకోట మీదుగా అనంతగిరి ఘాట్ ఎక్కి అరకు వెళ్ళి రావడాన్ని మించిన పరీక్ష లేదంటాను. కొనే ధరలో ఆ అద్దె ఏపాటి?

తిరిగొచ్చాక నొప్పుల్ని రెండు రకాలుగా విడదీసుకోవాలి. సీటు గట్టిదనమైతే కుట్టేవాడి దగ్గర ఫోము మార్పించుకోవచ్చు. హ్యాండిల్‌ని కాస్త వెనక్కి తిప్పి బిగించవచ్చు. షాకబ్జర్ రింగు ఒక మెట్టు పెంచవచ్చు. ఫోర్కు వాలు, బండి పొడవు, బరువు, పాదాలు ఉండే చోటు మన చేతిలో లేవు. మార్చే మెకానిక్కులు దొరుకుతారు గానీ, కంపెనీ ఇచ్చిన రూపాన్ని ఇష్టమొచ్చినట్టు మార్చడం మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కిందికి వస్తుంది. నొప్పి మొదటి రకమైతే బేరమాడి కొనండి. రెండో రకమైతే రంగు ఎంత నచ్చినా వదిలేయండి.

మావాడు ఇంకా ఏదీ బుక్ చేయలేదు. అరకుకి అద్దె బండి మాట్లాడుకుంటున్నాడు. వదిన మాత్రం రైల్లో వస్తానంది.