ఎన్‌ఎస్ అంటే తేడా లేదని కాదు

థీసిస్‌లు రాసే రోజులొస్తే వ్యవసాయ, ఉద్యాన పీజీ పిల్లలు లెక్కలు చూపించుకోవడానికి నా దగ్గరికి వస్తుంటారు. నాకిష్టమైన పని అది. ములుగులో కొండా లక్ష్మణ్ ఉద్యాన విశ్వవిద్యాలయం, అటవీ కళాశాల ఉన్న సిద్దిపేట జిల్లాలో ఈ లెక్కల అవసరం ఎప్పుడూ ఉండేదే. దిగులు మొహంతో వాళ్లు అడిగేది మాత్రం తరచూ ఒకటే: "ఎన్‌ఎస్ అచ్చింది సార్, ఇగ ఏం రాయాలె?"

ఒకే విత్తనం, ఒకే ఎరువు వేసినా రెండు మడుల్లో దిగుబడి సమానంగా రాదు. ఒకచోట నేల గట్టి, ఇంకోచోట నీళ్లు నిలుస్తాయి. అందుకే గణాంక పరీక్ష తన ప్రశ్నను తిరగేసి అడుగుతుంది. ట్రీట్‌మెంట్ల మధ్య అసలు తేడానే లేదనుకుంటే, కేవలం ఈ ఎగుడుదిగుళ్ల వల్ల ఇంత తేడా గానీ ఇంతకుమించి గానీ కనిపించే అవకాశమెంత? అదే పి విలువ. నూటికి 5 లోపు ఉంటే సిగ్నిఫికెంట్ అంటాం, లేకపోతే నాన్ సిగ్నిఫికెంట్, అదే ఎన్‌ఎస్. "మా మందు పనిచేసిందనడానికి 95 శాతం గ్యారంటీ" అని వైవాలో చెప్పేవాళ్లున్నారు. పి విలువ ఆ మాట చెప్పదు.

ఈ 5 శాతం గీత కూడా పొలాల్లోంచి వచ్చిందే. ఇంగ్లండ్‌లోని రోథమ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో పనిచేస్తూ రొనాల్డ్ ఫిషర్ 1925లో రాసిన పుస్తకంతో అది వాడుకలో పడింది. సౌకర్యం కోసం పెట్టుకున్న గీత అది, ప్రకృతి గీసింది కాదు. ఆ ఫిషర్ దగ్గరే కేంబ్రిడ్జిలో పరిశోధన చేసిన మన సి.ఆర్. రావు, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివినవాడు, 1948లో స్కోర్ టెస్ట్ అనే గణాంక పరీక్షను ఇచ్చాడు. దాన్ని ప్రపంచమంతా ఇప్పటికీ వాడుతోంది.

నన్ను ఎక్కువ బాధపెట్టేది వేరే ఉంది. మొక్క ఎత్తు, కొమ్మలు, ఆకుల సంఖ్య, పూత రోజులు, కాయ బరువు అంటూ 20 లక్షణాలు కొలుస్తారు. ఏ తేడా లేని చేలో కూడా వాటిలో సగటున ఒకటి 5 శాతం గీత దాటుతుంది. ఆ లక్షణాలు ఒకదానితో ఒకటి సంబంధం లేనివైతే, కనీసం ఒక్కటైనా దాటే అవకాశం 64 శాతం. ఆ ఒక్కదాన్ని పట్టుకుని థీసిస్ మొత్తాన్ని దాని చుట్టూ అల్లితే, తర్వాతి ఏడు అదే చేలో అది కనిపించకపోవచ్చు. మధ్యలో నమ్మి ఖర్చు పెట్టేది రైతు.

ఎన్‌ఎస్‌ది దీనికి ఎదురు కథ. ఒక్కో ట్రీట్‌మెంట్‌కు మూడే రెప్లికేషన్లు (పునరావృత మడులు) వేసి, మడుల మధ్య హెచ్చుతగ్గులు ఎక్కువుంటే, సీడీ (క్రిటికల్ డిఫరెన్స్, అంటే సిగ్నిఫికెంట్ అనడానికి కావలసిన కనీస తేడా) పెద్దదవుతుంది. ఎకరాకు రెండు క్వింటాళ్ల నిజమైన తేడా కూడా దాని కింద దాక్కుంటుంది. అక్కడ "తేడా లేదు" అని రాయడం తప్పు. "ఈ ప్రయోగంతో తేల్చలేకపోయాం" అనడమే నిజం. మరోవైపు, రెప్లికేషన్లు బాగా పెంచితే ఎకరాకు పది కిలోల తేడా కూడా సిగ్నిఫికెంట్ కావచ్చు, కానీ ఆ పది కిలోలతో మందు ఖర్చు కూడా రాదు.

థీసిస్ ప్రయోగాలు మొదలుపెట్టబోయే పిల్లలకు నా మనవి. ప్రధానంగా ఏ లక్షణాన్ని పరీక్షిస్తున్నారో విత్తనం వేయకముందే రాసిపెట్టుకోండి. తేడాను క్వింటాళ్లలో, దాని స్టాండర్డ్ ఎర్రర్‌తో సహా చెప్పండి. ఎన్‌ఎస్ వచ్చిన పట్టికలను కూడా థీసిస్‌లో ఉంచండి.