కల్లంలో కాష్మోరా

మా అక్క మనవరాలు నరసరావుపేటలో ఇంజనీరింగ్ చదువుతోంది. టోల్కీన్ ‘లార్డ్ ఆఫ్ ద రింగ్స్’ మూడు సంపుటాలూ చదివేసి, ఈ వారం మా ఇంటికొచ్చి పీటర్ జాక్సన్ సినిమా పెట్టుకుంది. మొదటి భాగం అయీ అవకముందే లేచి, “టామ్ బాంబడిల్ ఏడీ అమ్మమ్మా? అసలు మనిషినే తీసేశారు!” అని కళ్లనీళ్లు పెట్టుకుంది. నవల్లో అడవిలో ఉండే పాత్ర అతను. ఆ పూట ఇంటికొచ్చిన చుట్టాలు నవ్వారు. లేని మనిషి కోసం ఏడుపేమిటే అన్నారు. ఆ నవ్వు నాకు బొత్తిగా నచ్చలేదు.

2001లో ఆ సినిమా వచ్చినప్పుడు ఎన్నో దేశాల పాఠకులు ఇదే అడిగారు. ఉంగరం కథ ముందుకు సాగడానికి అతనితో పని లేదన్నది జాక్సన్ జవాబు. నవలని సినిమా చేసేవాడికి ఆ స్వేచ్ఛ ఉండాలని ఈ కాలమ్‌లో నేను ఎప్పటినుంచో వాదిస్తున్నదే. చదివేవాళ్లకి తెలుసు, అందుకు నేను చూపించేది ఎప్పుడూ ‘పాతాళభైరవి’ సినిమానే. మధిర సుబ్బన్న దీక్షితులు గారి కాశీమజిలీ కథల్లో దాని మూలం ఉంది. కాశీకి నడిచిపోతూ మజిలీ మజిలీకీ గురువు పశువుల కాపరి కుర్రాడికి చెప్పే కథలవి. మాంత్రికుడు, భైరవి, బలి అనే ఎముకల్ని అక్కణ్ణించి తీసుకుని, అల్లావుద్దీన్ దీపం వాసన కాస్త తగిలించి, పింగళి నాగేంద్రరావు, కె.వి.రెడ్డి కొత్త ఒళ్లు పోశారు. తీసిన విజయా సంస్థలో మన తెనాలి చక్రపాణి ఉన్నారు. 1951 మార్చి 15న విడుదలైంది. మరుసటి ఏడు మన దేశంలో జరిగిన మొదటి అంతర్జాతీయ చలనచిత్రోత్సవానికీ వెళ్లింది. దీక్షితులు గారి కథని చెడగొట్టారని అన్నవాళ్లెవరూ మా ఇళ్లలో లేరు. ఎస్.వి.రంగారావు మాంత్రికుణ్ణి చూశాక మూలంలో మాంత్రికుడు ఎలా ఉంటాడని అడగాలని కూడా ఎవరికీ తోచలేదు.

ఈ మాటలే ఆ పిల్లకి చెబుదామని కూర్చున్నాను. చెబుతుంటే మా కల్లం గుర్తొచ్చింది.

చిలకలూరిపేటకి ఆ పక్కన మా ఊరు. ఎనభైల మొదట్లో సంగతి. పత్తి తీతలు అయిపోయి, మిరపకాయ కల్లంలో ఎండేది. ముఠా ఆడవాళ్లు పరదాల మీద బారుగా కూర్చుని తాలు కాయలు ఏరేవాళ్లు. ముక్కులకి కొంగు చుట్టుకున్నా ఘాటు ఆగేది కాదు. ఆంధ్రభూమి వీక్లీ రాగానే నన్ను మధ్యలో కూర్చోబెట్టేవాళ్లు. యండమూరి వీరేంద్రనాథ్ ‘తులసిదళం’ సీరియల్ నడుస్తున్న రోజులవి. దగ్గుతూ చదివేదాన్ని. అందులోని చిన్నపిల్ల తులసి ఒంటికి ఏదో అవుతున్న చోట బారులో చేతులన్నీ ఆగిపోయేవి. ఏరిన కుప్ప పెరగడం లేదని మా నాన్న గొణిగేవాడు. గొణుగుతూనే ఆయనా పరదా అంచున కూర్చునేవాడు.

ఆ వారం భాగం అయిపోయాక అసలు పని మొదలయ్యేది. పిల్లకి చేతబడా, జబ్బా? బారు రెండుగా చీలిపోయేది. ముఠా పెద్దావిడ కాష్మోరా అనే అనేది, నవలలో ఆ చేతబడి పేరది. బిడ్డని గుంటూరు పెద్దాసుపత్రిలో బతికించుకున్న ఒకావిడ మాత్రం, డాక్టర్లకి ఇంకో వారం టైమివ్వండే అని పోట్లాడేది. యండమూరి ఆ నవలలో రెండు తలుపులూ తెరిచే ఉంచారు. మంత్రగాడికీ చోటుంది, వైద్యుడికీ హిప్నాటిస్టుకీ చోటుంది. జనాన్ని మళ్లీ చేతబడి నమ్మకాల్లోకి తోస్తోందని రంగనాయకమ్మ గారు ‘తులసిదళం కాదు గంజాయిదమ్ము’ అని పుస్తకం రాశారు. ఆ భయం అక్కర్లేనిదని నేను అనను. కానీ మా కల్లంలో, అక్షరం రాని ఆడవాళ్లు రుజువేదని ఒకరినొకరు నిలదీసుకోవడం నేను విన్నాను.

దాని తరువాయి నవల ‘తులసి’ని 1986లో ‘కాష్మోరా’గా సినిమా తీశారు. ముఠా అంతా కలిసి చిలకలూరిపేటలో చూసొచ్చారు. మర్నాడు కల్లంలో ఎవరూ పోట్లాడుకోలేదు. “ఇంతేనంటమ్మా కాష్మోరా” అంది పెద్దావిడ, అంతే. ఒక్కొక్కరి కాష్మోరా ఒక్కోలా ఉండేది. తెర మీద అందరికీ ఒకటే చూపించారు. డాక్టర్ల పక్షం ఆవిడకైతే మాట్లాడ్డానికే ఏమీ మిగల్లేదు.

సంఘటనలు మారినందుకు కాదు వాళ్లు చిన్నబోయింది. వాళ్లు కాపురమున్న చోటు పోయింది. బాంబడిల్ కోసం ఏడ్చిన పిల్లదీ అదే బాధ. కథ నడవడానికి అతను అక్కర్లేకపోవచ్చు. ఆ అడవిలో, అతని ఇంట్లో ఆ పిల్ల కాసేపు ఆగింది. కాశీమజిలీల్ని ఎవరూ వారం వారం కాచుకుని, పోట్లాడుకుని చదవలేదు, అందుకే పాతాళభైరవి మీద ఫిర్యాదు లేదు. నా పాత వాదానికి అది సాక్ష్యం కాదు. పాఠకులు అడగాలి. గట్టిగానే అడగాలి.

టోల్కీన్ మొదటి సంపుటం వచ్చిన 1954లోనే మన చందమామలో ‘తోకచుక్క’ సీరియల్ మొదలైంది. రాసిన దాసరి సుబ్రహ్మణ్యం గారి పేరు కూడా అందులో వేయలేదు. ఆయన సీరియళ్లని ఇప్పటికీ కంఠతా చెప్పేవాళ్లు ఉన్నారు. రేపు ఎవరైనా వాటిని తెరకెక్కించాలనుకుంటే నాదొక్కటే మనవి. స్క్రిప్టు రాయకముందు, పదిమంది పనిచేసుకుంటున్న చోట కూర్చుని కథ పైకి చదవండి. ఎక్కడ వాళ్ల చేతులు ఆగుతాయో గుర్తు పెట్టుకోండి. మిగతావి మీ ఇష్టం, ఆ చోట్లు మాత్రం ముట్టుకోకండి.