లిఫ్ట్ కిట్టు: గుణదోష విచారణ

బాట లేని చోట నడవవలసిన బండికి నేల నుండి తగినంత ఎత్తు ఉండాలి. ఎడ్లబండికి పెద్ద చక్రాలు అమర్చిన పల్లె వడ్రంగులకు ఈ సంగతి ఏనాడో తెలుసు. నేడు జీపు తరహా వాహనాలు కొన్నవారిలో పలువురు, కంపెనీ ఇచ్చిన ఎత్తు చాలదని తలచి, స్ప్రింగులనూ షాక్ అబ్జార్బర్లనూ మార్చే సరంజామాను కొంటున్నారు. దీనికే లిఫ్ట్ కిట్టు అని పేరు. వ్యాపారులు దీనిని అంగుళాల లెక్కన అమ్ముతారు. రెండంగుళాల కిట్టు, మూడంగుళాల కిట్టు అని పెట్టె మీద పెద్ద అక్షరాలతో అచ్చు వేస్తారు. గుడ్డను గజాలలో కొన్నట్లు ఎత్తును అంగుళాలలో కొనవచ్చునా? మొదటిసారి కిట్టు కొనేవారు ముందుగా వేసుకోవలసిన ప్రశ్న ఇది.

ఎత్తు వలన కలిగే లాభమేమిటో మొదట చూద్దాము. ఇరుసు చక్రాల మీద ఉంటుంది. స్ప్రింగులు ఇరుసు మీద ఉంటాయి. కాబట్టి పొడవైన స్ప్రింగు వేస్తే చట్రమూ, దానిపై గల వాహన దేహమూ మాత్రమే పైకి లేస్తాయి. ఇరుసు మధ్య ఉబ్బెత్తుగా ఉండే డిఫరెన్షియల్ ఉన్నచోటనే ఉంటుంది. దారిలోని బండరాయి దానికి మునుపటివలెనే తగులుతుంది. దానిని లేపగలిగినది పెద్ద టైరు ఒక్కటే. టైరు వ్యాసం 50 మిల్లీమీటర్లు పెరిగితే ఇరుసు అందులో సగం, అనగా 25 మిల్లీమీటర్లు పైకి వస్తుంది. ఆ పెద్ద టైరు చక్రపు గూటిలో రాసుకోకుండా తిరగడానికి చోటు కల్పించడం కిట్టు చేసే మొదటి మేలు.

రెండవ మేలు కోణాలలో కనబడుతుంది. భారతదేశంలో 2023లో విడుదలైన అయిదు తలుపుల జిమ్నీలో ముందు వెనుక ఇరుసుల మధ్య దూరం 2,590 మిల్లీమీటర్లు. నడుము నేలకు తగలకుండా అది దాటగల గట్టు కోణం 24 డిగ్రీలు. స్థూలంగా లెక్క కడితే, చట్రాన్ని 50 మిల్లీమీటర్లు లేపినపుడు ఈ కోణం సుమారు 28 డిగ్రీలవుతుంది. ఇరుసుల మధ్య 2,250 మిల్లీమీటర్లే గల మూడు తలుపుల జిమ్నీకి ఆ 28 డిగ్రీలు పుట్టుకతోనే ఉన్నాయి. అనగా పొడవు వలన పోయిన దానిని ఎత్తు తిరిగి ఇచ్చినదన్న మాట. ఈ లాభం నిజమైనదే. అయితే 2020లో వచ్చిన మహీంద్రా థార్‌కు ముందు కోణం 41.8 డిగ్రీలు, నడుము కోణం 27 డిగ్రీలు, నేల నుండి ఖాళీ 226 మిల్లీమీటర్లు. ఇంత ఉన్న వాహనానికి ఇంకెంత కావాలో దాని యజమాని తాను తిరిగే దారిని చూచి చెప్పుకోవాలి.

ఇక దోషాలు. అన్నిటికంటె చవకైన కిట్టులో స్ప్రింగు కింద గాని పైన గాని పెట్టే దిమ్మెలు మాత్రమే ఉంటాయి. వెనుక స్ప్రింగు కింద 50 మిల్లీమీటర్ల దిమ్మె పెట్టి, పాత షాక్ అబ్జార్బరునే ఉంచారనుకొందాము. నిలిచి ఉన్నపుడే ఆ షాక్ అబ్జార్బరు మునుపటికంటె సుమారు 50 మిల్లీమీటర్లు సాగి ఉంటుంది. గుంట వచ్చినపుడు చక్రం కిందికి దిగగల దూరం అంత మేరకు తరుగుతుంది. అందువలన చక్రం నేలను ముందుగానే విడిచి గాలిలో తిరుగుతుంది. వాహనం చూపులకు ఎత్తయినది, కొండదారిలో దాని పట్టు తగ్గినది. ఎత్తుకు తగిన పొడవు గల షాక్ అబ్జార్బర్లు లేని కిట్టును అసంపూర్ణమనే చెప్పాలి.

గట్టి స్ప్రింగుల కిట్లలో వేరొక చిక్కు ఉన్నది. ఒక చక్రం మీద 400 కిలోగ్రాముల బరువు, స్ప్రింగు బలం మిల్లీమీటరుకు 40 న్యూటన్లు అనుకొంటే, స్ప్రింగు 98 మిల్లీమీటర్లు కుంగుతుంది. బలాన్ని 52 న్యూటన్లకు పెంచితే 75 మిల్లీమీటర్లే కుంగుతుంది. కాబట్టి స్ప్రింగు పొడవు పెరగకపోయినా వాహనం 23 మిల్లీమీటర్లు లేస్తుంది. కాని సెకనుకు 1.6 సార్లు ఊగవలసిన వాహనం 1.8 సార్లు ఊగుతూ, ఖాళీగా పోయేటప్పుడు ప్రతి గతుకునూ నడుముకు అందిస్తుంది. ఈ స్ప్రింగు ఇనుప బంపరు, వించి, సామాను ఎప్పుడూ మోసే వాహనానికి తగినది. భార్యాబిడ్డలతో ఊళ్లో తిరిగే వాహనానికి అదే స్ప్రింగు శిక్ష. అందుచేత కొనేవాడు అంగుళాలకంటె ముందు కిలోగ్రాములు చెప్పాలి. ఎంత బరువుకు ఏ స్ప్రింగో చెప్పలేని వ్యాపారి వద్ద కొనరాదు.

ఒకే రెండంగుళాలు రెండు వాహనాలలో రెండు విధాలుగా పని చేస్తాయి. జిమ్నీ ముందు ఇరుసు ఏకఖండం. దానిని రెండు పొడవాటి చేతులు చట్రానికి బంధిస్తాయి. చట్రం లేచినపుడు ఆ చేతులు వాలుతాయి, వాటితోపాటు ఇరుసు తిరుగుతుంది. చేయి పొడవు 700 మిల్లీమీటర్లనుకొంటే 50 మిల్లీమీటర్ల ఎత్తుకు సుమారు 4 డిగ్రీల తేడా వస్తుంది. మలుపు తరువాత స్టీరింగు తనంతట తాను నిటారుకు రావడానికి తోడ్పడే కాస్టర్ కోణం అంత మేరకు క్షీణిస్తుంది. వేగంలో వాహనం అటూ ఇటూ తడబడుతుంది. దీనిని సరిదిద్దే బుష్షులు కిట్టులో ఉండాలి. ఇరుసును పక్కకు జరగనీయకుండా పట్టే అడ్డకడ్డీ కూడ ఎత్తుతో వాలి, ఇరుసును కొన్ని మిల్లీమీటర్లు ఒక పక్కకు లాగుతుంది. థార్ ముందు భాగంలో ఏకఖండపు ఇరుసు లేదు. చక్రాలు విడివిడిగా కదులుతాయి. అక్కడ ఎత్తు పెరిగినకొద్దీ చక్రాలకు శక్తినందించే షాఫ్టుల కీళ్లు ఎక్కువ కోణంలో వంగి తిరగవలసి వస్తుంది. రబ్బరు తొడుగులు చిరుగుతాయి, కీళ్లు త్వరగా అరుగుతాయి. పైగా అక్కడ దిమ్మె మందమూ చక్రం వద్ద వచ్చే ఎత్తూ సమానం కావు. చేతి పొడవును బట్టి ఎత్తు మందాన్ని మించుతుంది. రెండింటికీ ఒకే పెట్టె చాలునని చెప్పే ప్రకటనను నమ్మరాదు.

అన్నిటికంటె ముఖ్యమైనది వాహనం పక్కకు బోల్తా పడే ప్రమాదం. చక్రాల మధ్య వెడల్పులో సగాన్ని గురుత్వకేంద్రపు ఎత్తుతో భాగించగా వచ్చే సంఖ్య స్థిరత్వానికి కొలత. అమెరికా రహదారి భద్రతా సంస్థ 2001 నుండి దీని ఆధారంగా వాహనాలకు బోల్తా రేటింగులు ఇస్తున్నది. వెడల్పు 1,500, గురుత్వకేంద్రపు ఎత్తు 700 మిల్లీమీటర్లు అయితే ఈ సంఖ్య 1.07. ఆ ఎత్తు 50 పెరిగితే 1.00, 100 పెరిగితే 0.94. మొదటి మెట్టులో తరుగుదల చిన్నది, జాగ్రత్తపరుడు ఓర్చుకోగలడు. రెండవ మెట్టు ఎక్కినవాడు ఘాట్ రోడ్డు మలుపులో ఆ తేడాను తన కుటుంబంతో సహా మోస్తాడు.

చట్టం కూడ ఈ లెక్కలో చేరుతుంది. 1988 నాటి మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షను, తయారీదారు తొలుత పేర్కొన్న వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చరాదంటుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దీనినే గట్టిగా నిలబెట్టినది. అదే సంవత్సరపు సవరణతో మారిన 182-ఎ సెక్షను, అనుమతి లేని ఒక్కొక్క మార్పుకు 5,000 రూపాయల జరిమానా గాని, ఆరు నెలల వరకు జైలు గాని, రెండూ గాని విధించవచ్చునన్నది. కాబట్టి రవాణా కార్యాలయాన్నీ బీమా కంపెనీనీ అడగడం కొనడానికి ముందు జరగవలసిన పని. ప్రమాదం తరువాత అడిగితే ప్రయోజనం ఉండదు.

గుణదోషాలను తూచగా తేలేది ఇది. మొదటి కిట్టు కొనదలచినవారు ముందుగా టైరును నిర్ణయించుకోవాలి. తరువాత ఎల్లప్పుడూ మోయవలసిన బరువును లెక్క కట్టాలి. ఆ టైరు తిరగడానికి చాలినంత ఎత్తే, అంతకు మించకుండా, కోరుకోవాలి. ఆ ఎత్తుకు తగిన షాక్ అబ్జార్బర్లు, కోణాలను సరిదిద్దే భాగాలు, బ్రేకు గొట్టాలకు చాలినంత పొడవు ఉన్నవో లేవో పెట్టె విప్పించి చూడాలి. బిగించిన తరువాత చక్రాల అమరికను కొలిపించాలి. ఇవన్నీ కలిసిన ఒకటిన్నర అంగుళాల కిట్టు, ఇవేవీ లేని మూడంగుళాల కిట్టుకంటె మేలైనది. ఇక ఉన్న టైరుతోనే దారి సాగిపోతున్న యజమానికి కిట్టుతో పని లేదు. ఆ డబ్బు మంచి టైర్లకూ, ఇరుసును కాపాడే ఇనుప రేకుకూ పెడితే వాహనం మరింత దూరం పోతుంది.