అంచు వెనక వాలు

నా రాతబల్ల మీద రూపాయి బిళ్లంత ఆకుపచ్చ పెంకు ముక్క ఒకటుంది. ఎనిమిది కొనల నక్షత్రం. ఒక కొన విరిగింది కాబట్టే నా చేతికొచ్చింది. మొరాకోలోని ఫెస్ నగరంలో, జెల్లీజ్ అనే గోడపెంకుల పనికి ముక్కలు కొట్టే ఒక కార్ఖానాలో, నేల మీద గుట్టగా పడున్న తాలు ముక్కల్లోంచి ఏరుకొమ్మంటే ఏరి తెచ్చుకున్నాను. పైనుంచి చూస్తే నాచు రంగులో నున్నటి గాజుపూత. తిరగేస్తే ఉత్త కాలిన మట్టి. పక్కకు తిప్పి కిటికీ వెలుగులో పట్టుకుంటే అసలు పనితనం తెలుస్తుంది. అంచు నిట్టనిలువుగా లేదు. ముఖం దగ్గర మొదలై వెనక్కి పోయేకొద్దీ లోపలికి ఒరిగింది. ఎనిమిది కొనలకు పదహారు అంచులు కదా, విరిగిన కొన పోగా మిగిలిన పద్నాలుగింటికీ అదే వాలు.

ఆ వాలు దేనికంటే, రెండు ముక్కలు పక్కపక్కన పెట్టినప్పుడు అంచులు నిలువుగా ఉంటే వెనక ఎక్కడో ఒక చిన్న గరుకు అడ్డం పడి ముఖాలను కలవనివ్వదు. వాలుగా చెక్కితే ముఖాల కొసలు మాత్రమే ఒకదాన్నొకటి తాకుతాయి. వెనక గాడిలాంటి ఖాళీ ఏర్పడుతుంది. అందులోకి సున్నమో జిప్సమో దిగి గట్టిగా పట్టేస్తుంది. గోడ ముందు నిలబడ్డవాడికి అతుకు తల వెంట్రుకంత కనిపిస్తుంది. వాలు మాత్రం గోడలో కలిసిపోయాక మరి ఎవరి కంటా పడదు. ఫెస్ పాతబస్తీలో నేను గడిపిన ఆరు రోజుల్లో ఏ వీధిలో ఏ పని చూసినా ఇదే గుర్తుకొచ్చింది. అక్కడి పనివాళ్లు మనకు కనబడే వైపు ఎంత శ్రమపడతారో, కనబడని వైపు అంతకన్నా ఎక్కువ పడతారు.

పాతబస్తీని ఫెస్ ఎల్ బాలీ అంటారు. 8వ శతాబ్దం చివర, 9వ శతాబ్దం మొదట్లో ఇద్రీసీ వంశపు రాజులు వేసిన ఊరు. స్పెయిన్‌లోని కొర్దోబా నుంచి, ట్యునీసియాలోని కైరవాన్ నుంచి వలసవచ్చిన కుటుంబాలు తమతో పాటు తమ చేతిపనులనూ తెచ్చుకున్నాయి. యునెస్కో 1981లో దీన్ని ప్రపంచ వారసత్వ స్థలాల్లో చేర్చింది. లోపల కార్లు తిరగవు, తిరిగే చోటూ లేదు. కొన్ని సందుల్లో ఎదురుగా మనిషి వస్తే ఇద్దరిలో ఒకరు గోడకు అతుక్కోవాల్సిందే. సరుకంతా గాడిదల మీదా కంచరగాడిదల మీదా తోపుడు బండ్ల మీదా పోతుంది. వెనక నుంచి "బాలక్! బాలక్!" అన్న కేక వినబడగానే పక్కకు తప్పుకోవడం మొదటి పూటే అలవాటైపోయింది.

బాబ్ బూ జెలూద్ అనే పడమటి ద్వారం దగ్గర నడక మొదలుపెట్టాను. అది 1913లో కట్టింది, ఊరి వయసుతో పోలిస్తే పసిబిడ్డ. బయటివైపు నీలం పెంకులు, ఊరివైపు ఆకుపచ్చ. అక్కణ్ణుంచి తలా కెబీరా అనే పెద్ద వీధి దిగుతూ పోతుంది. నిజంగానే దిగుడు. రెండో రోజుకి నా మోకాళ్లకు అర్థమైన సంగతి, ఈ ఊరంతా వాలు మీద ఉందని. ఫెస్ నది నీటిని పైనుంచి కాలువలుగా చీల్చి మసీదులకూ ఇళ్లకూ వీధుల్లోని నీటి తొట్లకూ పంచారు. వాడిన నీళ్లు వేరే కాలువల్లో కిందికి పోతాయి. బజార్లు కూర్చున్న తీరూ ఆ నీటి దారిని బట్టే ఉంటుంది. నీళ్లు మురికి చేసే వృత్తులు, రంగులద్దేవాళ్లూ తోళ్లు ఊనేవాళ్లూ, పల్లంలో ఏటి ఒడ్డున. సుగంధాలు, పుస్తకాలు, కొవ్వొత్తులు అమ్మేవాళ్లు కరవీయిన్ మసీదు చుట్టూ. వీధుల పేర్లు కూడా వృత్తుల పేర్లే. అత్తారీన్ అంటే సుగంధ ద్రవ్యాలవాళ్లు. మన అత్తరుకు మూలమైన అరబ్బీ మాట నుంచే వచ్చింది. నజ్జారీన్ వడ్రంగులు. సఫ్ఫారీన్ కంచరివాళ్లు. పూర్వం ఒక్కో వృత్తికి ఒక్కో పెద్ద ఉండేవాడు, అతన్ని అమీన్ అనేవారు. మన కోర్టు అమీను కూడా ఆ మాటే. వీళ్లందరి మీదా ముహ్తసిబ్ అనే అధికారి తూకమూ నాణ్యమూ చూసేవాడు.

దారిలో బూ ఇనానియా మదర్సా వస్తుంది. 14వ శతాబ్దం నడుమ మరీనీ వంశపు సుల్తాన్ అబూ ఇనాన్ కట్టించింది. ఇంకా కిందికి పోతే కరవీయిన్ మసీదు పక్కనే అత్తారీన్ మదర్సా. అది ఇంకొంచెం పాతది, 1323 నుంచి 1325 దాకా కట్టారు. చదువుకునే పిల్లలు ఉండడానికి కట్టిన ఈ ఇళ్ల గోడల్ని మూడు అంతస్తులుగా చదవాలి. కింద మనిషి ఛాతీ ఎత్తు వరకూ జెల్లీజ్ పెంకులు. మనుషులు ఆనుకుంటారు, నీళ్లు చిందుతాయి, కడగాలి, అందుకని. దాని పైన జిప్సం. గోడకు పట్టించి అది పూర్తిగా బిగుసుకునేలోగా ఉలితో చెక్కేస్తారు. అన్నిటికన్నా పైన మధ్య అట్లాస్ కొండల నుంచి తెచ్చిన దేవదారు జాతి చెక్క. కిందిది చేతులకు, పైవి కళ్లకు.

పెంకులకూ జిప్సానికీ మధ్య నల్లటి పట్టీ ఒకటి గోడంతా తిరుగుతుంది, దాని మీద అరబ్బీ అక్షరాలు. రంగుతో రాశారనుకుంటాం. కాదు. నల్ల గాజుపూత ఉన్న పెంకు తీసుకుని, అక్షరం కానిదంతా గీకేశారు. పూత పోయినచోట మట్టి బయటపడింది, పోనిచోట అక్షరం మిగిలింది. తాళపత్రం మీద గంటంతో రాసేవాళ్లు అక్షరాన్ని గీస్తారు. ఇక్కడ అక్షరం చుట్టూ గీశారు. ఒక్క పెచ్చు లేచినా అక్షరం పోతుంది, ఆ పెంకు పనికిరాదు. గోడ పొడుగునా నడిచి మళ్లీ వెనక్కొచ్చి చూశాను, చేయి జారిన గుర్తు ఒక్కటి కూడా దొరకలేదు.

చూవారా తోళ్ల కార్ఖానా గురించి ఎక్కువ రాయను. ఫెస్ వెళ్లిన ప్రతివాళ్లూ దాన్నే ఫోటో తీస్తారు. చుట్టూ ఉన్న దుకాణాల మేడల మీద నిలబడి, వాసన ఆపడానికి చేతికిచ్చిన పుదీనా రెమ్మ ముక్కు దగ్గర పట్టుకుని, కిందికి చూస్తారు. తెల్లని తొట్లలో సున్నమూ పావురాల రెట్టా కలిపిన నీళ్లు. సున్నం బొచ్చు రాలుస్తుంది, రెట్ట తోలును మెత్తబరుస్తుంది. పక్కన రంగుల తొట్లు. మోకాలి పైదాకా దిగి కాళ్లతో తొక్కే మనుషులు. పది నిమిషాలు చూసి ఇంత కష్టమా అని నిట్టూర్చి దిగిపోతే, ఆ తొక్కడంలోని లెక్క మనకు అందదు. ఎప్పుడు ఆపాలో వాళ్లకు అరికాలు చెబుతుంది. కిందికి దిగాక ఒక చెప్పుల దుకాణంలో మేకతోలు బల్గా జోడు చేతిలోకి తీసుకుని మడిచి వదిలాను. ముడత పడకుండా మళ్లీ తెరుచుకుంది. ఆ తొట్లలో జరిగిందేమిటో నాకప్పుడు కాస్త తెలిసింది.

నాకు మనసు పట్టిన చోటు సఫ్ఫారీన్ చౌక్. నడుమ చెట్టు, చుట్టూ రాగి. దానికి ఒక పక్క 1271 నాటి మదర్సా, ఇంకో పక్క కరవీయిన్ గ్రంథాలయం. 859లో ఫాతిమా అల్ ఫిహ్రీ అనే ఆవిడ కట్టించిందని చెప్పే కరవీయిన్ మసీదుకు చెందిన గ్రంథాలయమది. దాన్ని బాగుచేసి 2016లో మళ్లీ తెరిచారు. అంతటి పుస్తకాల ఇంటి ముందు పొద్దస్తమానం సుత్తుల మోత. మొదట అదొక రొద. చెట్టు కింద అరగంట కూర్చుంటే అందులో తాళం వినబడటం మొదలవుతుంది. ఒకరి దెబ్బకూ ఇంకో దెబ్బకూ మధ్య ఉన్న సందులో పక్కవాడి దెబ్బ పడుతుంది. తలెత్తి చూసుకోరు, చెవితోనే కలుపుకుంటారు.

అక్కడ ఒక పెద్దాయన గుండిగ అడుగు సాగగొడుతున్నాడు. అది పెళ్లిళ్లకు అద్దెకిచ్చే రకం, చిన్నపిల్లవాడు లోపల కూర్చోగలడు. రాగి రేకును ఇనప దాగలి మీద ఆనించి, నడుమ నుంచి చుట్టుకుంటూ అంచు వైపు కొట్టుకొస్తాడు. ప్రతి దెబ్బ ముందు దెబ్బను సగం కప్పుతుంది. రాగికి ఒక గుణముంది. కొట్టేకొద్దీ బిరుసెక్కుతుంది. ఇంకా కొడితే చిట్లుతుంది. అందుకని కొంత కొట్టాక మంటలో ఎర్రగా కాల్చి మెత్తబరిచి, మళ్లీ కొట్టాలి. ఎప్పుడు కాల్చాలో అతనికి చప్పుడే చెప్పింది. ఒక దెబ్బ దగ్గర మోగడం మారింది, నాకే వినబడింది, అతను వెంటనే సుత్తి దించి పాత్రను మంట మీదికి జరిపాడు.

పాత్ర తయారయ్యాక లోపల కళాయి వేస్తారు. మన ఊళ్లలో కళాయివాళ్లను చూసిన తరం ఇంకా ఉంది, వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. వేడి పాత్రలో నవాసాగరం పొడి చల్లి, తగరం కరిగించి దూదితో తుడుచుకుంటూ పోతే లోపలంతా వెండిలా తెల్లబడుతుంది. పులుపు తగిలినా రాగి అన్నంలోకి దిగకుండా కాపాడేది ఆ పూతే. బయట మెరిసే రాగిని చూసి బేరమాడేవాళ్లు చాలామందే కనబడ్డారు. ఒక ముసలమ్మ మాత్రం మూత తీసి, లోపల చేయిపెట్టి, అడుగు నుంచి అంచు దాకా వేళ్లతో తడిమి, అప్పుడు ధర అడిగింది.

జెల్లీజ్ కార్ఖానాలు ఇప్పుడు పాతబస్తీ గోడల్లో లేవు. పొగ వల్ల కుమ్మరి ఆవాలను ఊరి బయట ఐన్ నోక్బీకి మార్చారు. నాకు మాట సాయం వచ్చిన కుర్రవాడు నన్ను "లల్లా" అని పిలిచేవాడు, మనం అమ్మగారూ అన్నట్టు. అక్కడి పనివాణ్ని మాత్రం "మఅల్లెం" అన్నాడు, గొంతు తగ్గించి. మన మేస్త్రీ గారు అనే మాటకు దగ్గరగా ఉంటుంది, ఇంకాస్త గౌరవం ఎక్కువ. ఫెస్ దగ్గర దొరికే బూడిదరంగు మట్టిని నానబెట్టి, కాళ్లతో తొక్కి, జానెడులో సగమున్న చదరపు పలకలు చేసి ఎండబెడతారు. ఒకసారి కాల్చి, పూత పూసి, మళ్లీ కాలుస్తారు. ఆవంలో వేసేది ఆలివ్ నూనె తీశాక మిగిలిన పిప్పి. ఇదంతా పని మొదలవక ముందు సంగతి.

మఅల్లెం నేల మీద చాప పరుచుకుని కూర్చున్నాడు. ముందు ఒక రాతి దిమ్మెలో దిగేసిన ఇనుప ముక్క. చేతిలో మెన్‌కాష్ అనే సుత్తి, రెండు కొసలూ ఉలిలా పదును. చూస్తే ఆ సన్నపని చేసేదిదేనా అనిపించేంత బరువు. పలక మీద ఆకారం ముందే ఇంకొకరు గీసి పెట్టారు. అతను ఎత్తి కొట్టడు. మణికట్టు దగ్గర సుత్తిని వదిలేస్తాడు, దాని బరువే దాన్ని దింపుతుంది. ఎడమచేయి మాత్రం క్షణం ఆగదు. దెబ్బకూ దెబ్బకూ మధ్య పెంకును వెంట్రుకవాసి తిప్పుతూ ఉంటుంది. పనంతా ఆ ఎడమచేతిదే అనిపించింది. ముందు గీత వెంబడి ముఖం తెగుతుంది. తరవాత పెంకును వాల్చి పట్టుకుని వెనకవైపు మట్టిని సన్నగా దువ్వినట్టు రాలుస్తాడు. మొదటి దెబ్బలకు కనబడే ఆకారం వచ్చేస్తుంది. రెండోసారి దెబ్బలకు నేను చెప్పిన వాలు వస్తుంది. లెక్కపెడితే రెండోసారివే ఎక్కువ.

ఒక్కో ఆకారానికి ఒక్కో పేరు. ఎనిమిది కొనల నక్షత్రం ఖాతెం, అంటే ముద్ర. బాదం గింజ ఆకారం లోజా. ఇవి అడుగు చదరంలో వందల కొద్దీ పడతాయి. వాటిని పేర్చేవాడు వేరే. అతని పని చూశాక నాకు కాసేపు మాట రాలేదు. ముక్కల్ని ముఖం నేలకేసి పేరుస్తాడు. రంగులన్నీ కిందికి. అతని కంటికి కనిపించేది ఒకటే మట్టి రంగు. నీలం ఎక్కడ, తెలుపు ఎక్కడ, తేనె పసుపు ఎక్కడ అన్నది పూర్తిగా మనసులో ఉండాలి. పేర్చడం అయ్యాక వెనక జిప్సం పోస్తారు, అది బిగిశాక ఎత్తుతారు. తను చేసిందేమిటో అతను అప్పుడే చూస్తాడు. తప్పు పడితే ఎలాగని అడిగించాను. జవాబు చెప్పకుండా కళ్లు మూసుకోమని సైగచేసి, నా అరచేతిలో ఒక్కో ముక్కా పెట్టి అంచులు తడిమించాడు. నాలుగోదానికి ఖాతెం ఏదో నేనే చెప్పగలిగాను. అతను నవ్వి మళ్లీ పనిలో పడ్డాడు. 2011లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో తెరిచిన మొరాకో ప్రాంగణం ఫెస్ పనివాళ్లు ఇలా చేత్తో చేసిందే.

హైదరాబాద్ పాతబస్తీలో బాద్షాహీ ఆషుర్ఖానా చూసినవాళ్లకు ఇది మరీ కొత్తగా ఉండదు. అక్కడి గోడల మీద 1611 నాటి పెంకుల పని కూడా ముక్కలు కోసి అతికించిందే, కాకపోతే అది ఇరాన్ సంప్రదాయం నుంచి వచ్చింది. 1908 మూసీ వరదకు కిందిభాగం దెబ్బతింది. ఎన్నోసార్లు ఆ గోడ ముందు నిలబడి రంగుల్ని చూశాను గాని, ముక్క పక్కన ముక్క ఎలా నిలబడిందని ఒక్కసారీ అనుకోలేదు. ఇంటికొచ్చాక వెళ్లి మళ్లీ చూడాలని ఫెస్‌లోనే అనుకున్నాను.

తిరుగు ప్రయాణం రోజు పొద్దున్నే, గుంపులు రాకముందే, అత్తారీన్ మదర్సాకు మళ్లీ వెళ్లాను. ముంగిట్లో నీళ్ల తొట్టి చప్పుడు తప్ప ఏమీ లేదు. మూల స్తంభం పక్కన, మోకాలి ఎత్తులో, ఒక ముక్క ఊడిపోయిన చోటు కనబడింది. వెనక సున్నం కూడా రాలిపోయి చిన్న నక్షత్రం ఆకారపు గుంట మిగిలింది. చుట్టూ ఉన్న ముక్కలు కదలకుండా అలాగే ఉన్నాయి. వంగి చిటికెన వేలు లోపలికి పెట్టాను. మూతి దగ్గర ఇరుకుగా ఉంది. లోపలికి పోయేకొద్దీ వెడల్పయింది.