ఎనిమిది ముఖాలు, ఒక నడక

సినిమా కోర్సు చదువుతున్న మా మేనకోడలు ఈ వారం ఒక ఫొటో పంపింది. అందులో ఎనిమిది మంది: డ్యూకు, బ్యాంకరు, పాదిరీ, సైన్యాధికారి, నౌకాధికారి, ఇద్దరు యువకులు, ఒక పెద్దావిడ. కింద "మామయ్యా, అందరూ ఒక్కడే!" అని రాసింది.

ప్రాణం లేచొచ్చింది. ఆ ఒక్కడు అలెక్ గిన్నిస్. సినిమా 1949లో వచ్చిన 'కైండ్ హార్ట్స్ అండ్ కోరొనెట్స్'. వాళ్లలో ఆరుగురు చర్చిలో ఒకే షాటులో కనిపిస్తారు. కంప్యూటర్లు లేని రోజులవి. కెమెరాను కదలకుండా బిగించి, లెన్సుకు అడ్డాలు పెట్టి, అదే ఫిల్మును మళ్లీ మళ్లీ వెనక్కి తిప్పి ఒక్కో వేషం తీశారు. ఎవరి చెయ్యి తగిలినా అంతా పోతుందని కెమెరామన్ డగ్లస్ స్లోకోంబ్ రాత్రి దాని పక్కనే పడుకున్నాడు. 'నవరాత్రి'లో అక్కినేని తొమ్మిది పాత్రలు చూసి మురిసిన మనకు ఈ ముచ్చట వేరే చెప్పక్కర్లేదు.

నటుడి గొప్పతనం ఎన్ని రకాలుగా మారగలడన్న దాంట్లోనే ఉందని ఈ శీర్షికలో ఏళ్లుగా వాదిస్తున్నాను. అందుకు గిన్నిస్ కంటే మంచి సాక్షి ఎక్కడ దొరుకుతాడు? 1934లో రంగస్థలం ఎక్కిన మనిషి. 'ఆలివర్ ట్విస్ట్'లో ఫాగిన్, 'లారెన్స్ ఆఫ్ అరేబియా'లో ఫైసల్ యువరాజు, 'స్టార్ వార్స్'లో ఓబీ వాన్ ఆయనే.

కానీ అమ్మాయికి జవాబు రాద్దామని కూర్చుంటే ఆ ముఖాలు పక్కకు పోయి ఒక నడక గుర్తొచ్చింది. 'ది బ్రిడ్జ్ ఆన్ ది రివర్ క్వాయ్' (1957)లో కర్నల్ నికల్సన్‌ను జపాన్ వాళ్లు ఎండకు కాలిపోయే రేకు గదిలో పడేస్తారు. బయటికి తెచ్చాక ఆయన శత్రు అధికారి గది దాకా నడవాలి. కాళ్లు మాట వినవు. అయినా నిటారుగా నడవాలని చూస్తాడు. గిన్నిస్ ఆ నడకను తన కొడుకు మాథ్యూ దగ్గర తీసుకున్నాడు. పోలియో నుంచి కోలుకుంటూ పిల్లాడు ఎలా అడుగులు వేసేవాడో చూసిన తండ్రి ఆయన.

మా ఊళ్లో 'హరిశ్చంద్ర' వేసే ఒక రైతు ఉండేవాడు. గొంతు అంతంతమాత్రం. రాగం తీయబోతే వెనక కుర్రాళ్లు ఈలలు వేసేవాళ్లు. కాటి సీనులో మాత్రం ఆయన కర్ర పట్టుకుని అలా నడిచొస్తుంటే పందిట్లో పసిపిల్లల ఏడుపు తప్ప ఇంకేమీ వినిపించేది కాదు. చనిపోయిన కూతురిని ఆయన చేతుల మీద మోసుకెళ్లాడని మా నాయనమ్మ చెప్పింది. ఆ అడుగు ఏ గురువూ నేర్పింది కాదు. ఆ నాటకంలో మిగిలిన వేషగాళ్ల ముఖాలు నాకిప్పుడు గుర్తులేవు.

మారడానికి హద్దు కూడా ఉంది. 1984లో 'ఎ పాసేజ్ టు ఇండియా'లో గిన్నిస్ ముఖానికి రంగు పూసుకుని ప్రొఫెసర్ గోడ్బోలే అయ్యాడు. విక్టర్ బెనర్జీ, రోషన్ సేఠ్, సయీద్ జాఫ్రీ ఉన్న సినిమాలో ఆ రంగు కంటికి ముల్లులా గుచ్చుకుంటుంది. ఆ వేషం ఆయనకు ఇచ్చి ఉండాల్సింది కాదు.

ఆయన శిఖరం 1979 నాటి బీబీసీ సీరియల్ 'టింకర్ టైలర్ సోల్జర్ స్పై'. అప్పటికి ఆయనకు 65 ఏళ్లు. కళ్లద్దాలు, ఓవర్‌కోటు, అంతే. రిటైరైన గూఢచారి జార్జ్ స్మైలీగా ఆయన చేసే పని చాలావరకు వినడమే. ఒకరు అబద్ధం చెబుతుంటే ఆ ముఖం కదలదు, మనకు మాత్రం తెలిసిపోతుంది. నా పాత కొలబద్దతో చూస్తే ఇది వేషమే కాదు. ఆయన చేసినవాటిలో నేను మొదట నిలబెట్టేది మాత్రం దీన్నే.

దొరికితే ఆ ఏడు భాగాలూ చూడండి. కథ నెమ్మదిగా నడుస్తుంది, తొందరపడకండి. మాట్లాడేవాళ్లను వదిలేసి స్మైలీ వింటున్నప్పుడు ఆయన ముఖమే చూడండి.